నీటి బరువు

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, జాతీయ రహదారి ప్రక్కన కూర్మన్నపాలెము కలదు. ఉక్కునగరమునకు పోవు ముఖద్వారము అచ్చటనే యుండుటచే ఆ కూడలి వేకువజాము మొదలు రాత్రి వరకు సందడిగా నుండును. ఒక షిఫ్టు ముగించుకొని వచ్చువారును, మరియొక షిఫ్టునకు పోవువారును అచ్చట టీ దుకాణముల ముందు కలిసికొందురు. 1971వ సంవత్సరము జనవరిలో ఇందిరాగాంధి ఈ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసునకు గోదావరి యని పేరు. నిప్పుల కొలిమికి నదిపేరు పెట్టిన వారెవరో గాని చమత్కారము తెలిసినవారే.

ఆ కొలిమి ముందు ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దమనిషి కూర్మన్నపాలెములో నున్నాడు. కాలనీ పిల్లలందరు ఆయనను బాబాయిగారని పిలుతురు. కరగిన ఇనుము సుమారు పదునైదు వందల డిగ్రీల వేడిలో కాలువకట్టి పారుచుండగా, దాని దాపున నిలిచి పనిచేయు మనుష్యుడు ఎంతసేపు నిలువగలడు, ఎప్పుడు వెనుకకు రావలెను, వచ్చి ఏమి త్రాగవలెను అను విషయములు ఆయనకు పుస్తకములలో చదివి తెలిసినవి కావు. అచ్చట పని వంతులవారీగా నడచును. తన వంతు కాగానే నీడకు వచ్చి ఉప్పు వేసిన మజ్జిగ త్రాగి కూర్చుండవలెను. “ఇంకొంచెము చేయగలను” అని నిలిచినవాడే పడిపోవును. ఆ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పియుండెనో లెక్కలేదు.

ఇట్టి మనిషి యేటేట కొందరు యువకులను, యువతులను వెంటబెట్టుకొని గండికోటకు పోవుట విచిత్రముగా తోచవచ్చును. సముద్రపుటొడ్డున పుట్టి పెరిగిన వానికి ఆ ఎడారివంటి రాతిలోయతో పని యేమి? ఆయన నడిగినచో, “కొలిమి విడిచిన తరువాత వేడి కోసం మనసు లాగిందండీ” అని నవ్వును.

గండికోట కడప జిల్లాలో జమ్మలమడుగునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున నున్నది. కర్ణాటకములో నందికొండల ప్రాంతమున పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లాలో సముద్రమున గలియు పెన్నానది ఇచ్చట ఎర్రమల కొండలను నిలువునా కోసికొని పోయినది. కొండలలో నది కోసిన ఆ గండి వలననే కోటకు ఆ పేరు వచ్చినది. ఇరువైపుల ఎర్రని రాతి గోడలు, పొరపై పొరగా పేర్చినట్లు, సుమారు మూడువందల అడుగుల ఎత్తున నిలిచియుండును. వాని పాదమున ఆకుపచ్చని నీరు కదలక మెదలక కనిపించును. ఆ రాళ్లు ఒకప్పుడు నీటి అడుగున ఇసుకగా పేరుకొని గట్టిపడినవి. నూరుకోట్ల సంవత్సరములకు పూర్వపు ఇసుక యది. ఈ లోయను అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చి భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పిలుచుట పరిపాటియైనది. అది 446 కిలోమీటర్ల పొడవును, మైలుకు పైబడిన లోతును గలది; ఈ పోలిక కొంత పెద్దదే. కాని ఏమరుపాటుగా నున్నవానికి మూడువందల అడుగులును చాలును.

ఆయన ఎవ్వరినిగాని తిన్నగా గండికోటకు కొనిపోడు. రెండు నెలల ముందుగానే ఆదివారముల అభ్యాసము మొదలగును. మొదట యారాడ కొండపైకి, పిమ్మట భీమునిపట్టణపు దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు పిల్లలను నడిపించును. ఆ దిబ్బలు గాలి తెచ్చిన ఇసుక పేరుకొని, వాన కోతకు లోతైన వంకలుగా చీలినవి. వానిలో దారి తప్పుట ఎట్లో నేర్చుకొనుటకు అంతకంటె మంచిచోటు లేదని ఆయన అభిప్రాయము. ప్రతివాని వీపుసంచిలోను బట్టలకు బదులు నీళ్ల సీసాలే యుండును. లీటరు నీరు కిలో బరువు. ఆరు లీటర్లు మోసి నాలుగు గంటలు నడచినవానికి నీటి విలువ భుజములకు తెలియును.

ఒక ఆదివారము ఆయన పిల్లలను దిబ్బలలో కూర్చుండబెట్టి లోయకును కొండకును గల భేదమును చెప్పెను. కొండ యెక్కువాడు అలసినచో వెనుదిరిగి దిగిపోవచ్చును, దిగుట తేలిక. లోయలోనికి పోవువానికి తేలికయైన పని ముందు వచ్చును. ప్రొద్దుటి చల్లదనములో, క్రొత్త ఉత్సాహముతో, నవ్వుచు దిగిపోవును. ఎక్కవలసిన పని మధ్యాహ్నపు టెండలో, సత్తువ పోయిన తరువాత ఎదురగును. వేసవిలో ఒక్క దినములో నదివరకు దిగి తిరిగి ఎక్కుటకు పూనుకొనవద్దని గ్రాండ్ కాన్యన్ అధికారులు యాత్రికులను హెచ్చరించుట ఇందువలననే.

ఆ గ్రాండ్ కాన్యన్‌లో మొదట పడవలపై దిగి శాస్త్రదృష్టితో పరిశీలించినవాడు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధములో ఒక చేయి పోగొట్టుకొన్న ఆ మనుష్యుడు 1869వ సంవత్సరము మే 24వ తేదీన తొమ్మండుగురు సహచరులతో నాలుగు పడవలలో బయలుదేరెను. మూడు నెలలు గడచునప్పటికి పడవలు మూడే మిగిలినవి, ఆహారము దాదాపు నిండుకొన్నది. ఆగస్టు 28వ తేదీన ఒక భయంకరమైన సుడిని చూచి ముగ్గురు మనుష్యులు నదిని విడిచి గోడలెక్కి వెళ్లిపోయిరి. మిగిలినవారు రెండు దినములలోపుగనే సురక్షితముగా బయటపడిరి. ఆ ముగ్గురు మాత్రము మరల ఎవ్వరికిని కనబడలేదు. ఈ కథ విని ఒక బాలిక, “అయితే ఆ నాయకుడు వాళ్లను ఎందుకు ఆపలేదండీ బాబాయిగారూ?” అని అడిగెను. ఆయన కొంతసేపు ఊరకుండి, “ఆపాడమ్మా. వినలేదు” అనెను.

ఆ సంవత్సరము ఎనమండుగురు బయలుదేరిరి. అందరును పాలిటెక్నిక్ చదువుచున్నవారు. ఐదుగురు బాలురు, ముగ్గురు బాలికలు. ఫిబ్రవరి మాసము చివరి వారము. దువ్వాడ స్టేషనులో రైలెక్కి మరునాటికి కడప సీమ చేరిరి. అచ్చట మొదట వారిని మోసగించినది చెమట.

విశాఖపట్టణములో చెమట పట్టినచో చొక్కా తడిసి వీపునకు అంటుకొనును. పట్టినదని అందరికి తెలియును. రాయలసీమ గాలి పొడిగాలి. చెమట పుట్టిన వెంటనే ఆరిపోవును. పిల్లలు జమ్మలమడుగునుండి కోటకు నడచివచ్చి, “ఇక్కడ ఎండ ఉంది గాని చెమటే పట్టడం లేదు” అని సంతోషించిరి. బాబాయిగారు ఒకని చొక్కా భుజమును గీకి, వ్రేలికి అంటిన తెల్లని పొడిని చూపెను. అది ఉప్పు. నీరు పోయినది, దాని గుర్తు మాత్రము మిగిలినది. తీవ్రమైన ఎండలో బరువు మోయుచు నడచునప్పుడు గంటకు లీటరు చెమట పోవుట వింతగాదు. ఒట్టి నీరే పదేపదే త్రాగినను ప్రమాదమే. నెత్తురులో ఉప్పు తగ్గిపోవును. అందుచే ప్రతివాని సంచిలోను వేయించిన సెనగలు, ఊరగాయ, ఉప్పు పంచదార కలిపిన పొట్లములు ఉండెను. లీటరు నీటికి ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. ఈ లెక్క పిల్లలకు కంఠస్థము.

మొదటి దినము కోటను చూచుటతో గడచినది. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు గాదె, పావురాల గోపురము అన్నియు ఒకే ప్రాకారములో నున్నవి. పెమ్మసాని నాయకు లేలిన ఈ కోటను పదునేడవ శతాబ్దమున మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో టావెర్నియే అను ఫ్రెంచి వజ్రాల వర్తకుడు వచ్చి ఆయనను ఇచ్చటనే కలిసికొని, కొండమీది కెక్కు దారి కష్టమును వ్రాసియుంచెను. కోటలోపల నేటికిని ఒక పల్లె యున్నది. రాత్రి అచ్చట బసచేసి, పిల్లలు కోట బావుల చరిత్ర కంటె పల్లెవారు పెట్టిన సంగటిని ఎక్కువగా మెచ్చుకొనిరి.

రెండవదినపు పథకము వేరు. కోటను దాటి, లోయ అంచు వెంబడి పడమరగా మూడు కిలోమీటర్లు నడచి, ఎండిపోయిన ఒక వంకలో దిగవలెను. ఆ వంక చివర నదిపై వ్రేలాడుచున్నట్లుండు రాతి అరుగొకటి కలదు. దానినుండి పెన్న వంపు తిరుగుట కనిపించును. రాత్రి పైనున్న బండపై పడుక, మరునాడు మధ్యాహ్నమునకు కోటకు తిరుగు ప్రయాణము. దారిలో త్రాగు నీరు లేదు. నది మూడువందల అడుగుల క్రింద మెరయుచుండును. కంటి కందును గాని చేతికి అందదు. కావున మనిషికి ఆరు లీటర్లు. తనకు మాత్రము బాబాయిగారు ఎనిమిది నింపుకొనెను. ఆ రెండింటి సంగతి ఎవ్వరికిని చెప్పలేదు.

“ఇన్ని నీళ్లెందుకండీ? కోటలో దుకాణాలు ఉన్నాయి గదా!” అని ఒక బాలుడు అడిగెను. వాడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడువాడు, అందరికంటె బలిష్ఠుడు.

“దుకాణం కోటలో ఉంది నాయనా. దాహం కోట దాటాక వేస్తుంది” అనెను ఆయన.

వేకువ ఆరు గంటలకు బయలుదేరిరి. ఆయన ముందు నడువడు. త్రోవ చూపు పనిని పటము చదువగల ఒక బాలికకు అప్పగించి, తాను అందరికంటె వెనుక, అందరికంటె మెల్లగా నడచువానితో నడచును. ముందు నడచువానికి దారి కనిపించును. వెనుక నడచువానికి మనుష్యులు కనిపింతురు. తుమ్మచెట్లు, నాగజెముడు పొదలు, రేగు కంపలు తప్ప అచ్చట నీడయనునది లేదు. గోడలకు వ్రేలాడుచున్న పెద్ద తేనెపట్లను చూచి అందరిని మౌనముగా దాటించెను. వంక మొగదల నిలిచి, ఒక చెట్టు కొమ్మలలో భుజమెత్తున చిక్కుకొన్న ఎండుగడ్డిని వారికి చూపెను. వాన వచ్చినప్పుడు నీరు ఎంతవరకు పారినదో అది చెప్పుచున్నది. వంకలో ఎన్నడును పండుకొనరాదు. 1997 ఆగస్టులో అమెరికాలోని యాంటిలోప్ కాన్యన్‌లో పదునొకండుగురు యాత్రికులు కొట్టుకొనిపోయిరి. వాన కురిసినది వారి నెత్తిన కాదు, ఎగువన ఎచ్చటనో. ఈ కడప సీమలోనే 2021 నవంబరులో చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు మునిగిన సంగతి పిల్లలకు గుర్తున్నదే.

పదకొండు గంటలకు వంక సగము దిగిరి. రాళ్లు కాగసాగినవి. ఇరుప్రక్కల గోడలనుండి వేడి తిరిగి కొట్టుచుండగా గాలి ఆగిపోయినది. ఒంటిగంట ప్రాంతమున పటము పట్టుకొన్న బాలిక వెనుకకు వచ్చి మెల్లగా, “బాబాయిగారూ, మా అందరి సీసాలూ సగమయ్యాయి. వాడి సీసా మాత్రం ఇంకా నిండుగానే ఉందండీ” అని చెప్పెను.

ఆ ఫుట్‌బాల్ ఆటగాని ప్రక్కన వ్రేలాడు సీసాను ఆయన అంతకుముందే రెండుసార్లు చూచియుండెను. నిండుగా నుండుట చూచి, వీనికి లోటులేదని తలంచెను. ఆ బాలిక మాటతో ఆయనకు ఒళ్లు ఝల్లుమన్నది. అంతలోనే ఆ బాలుడు ఒక రాతిపై కాలుజారి కూర్చుండిపోయెను. పిక్కలు పట్టివేసినవి. ముఖము పాలిపోయినది. చేతులు తాకిచూడగా చల్లగా, జిగటగా ఉండెను. తలనొప్పి, వికారము.

సంగతి బయటపడుటకు ఎక్కువసేపు పట్టలేదు. ఆ ఉదయము కోటగోడ చాటున ఒక వేపచెట్టు మొదట వాడు మూడు లీటర్లు పారబోసెను. బరువు తగ్గించుకొనుటకే. వంకలోనికి దిగిన తరువాత భయము పట్టుకొన్నది. చెప్పినచో నవ్వుదురని చెప్పలేదు. మిగిలిన మూడు లీటర్లను రేపటివరకు సరిపెట్టవలెనని నోరు తడుపుకొనుట తప్ప త్రాగలేదు. సంచిలో నీరున్నది, ఒంటిలో లేదు. ఎడారులలో దప్పితో పడిపోయినవారి సీసాలలో నీరు మిగిలియుండుట క్రొత్త కాదు. దాచిన నీరు ఎవ్వరిని కాపాడదు, త్రాగిన నీరే కాపాడును.

బాబాయిగారు కోపగించలేదు. వానిని గోడ నీడకు చేర్చి, బూట్లు విప్పి, కాళ్లు ఎత్తుగా నుంచెను. తడిగుడ్డ మెడపై, చంకలలో ఉంచి ఇద్దరిని విసరుమనెను. ఉప్పు పంచదార కలిపిన నీరు గుక్కెడు గుక్కెడుగా పట్టించెను. నడుమ నడుమ ప్రశ్నలు వేసెను. “ఈ రోజు ఏ వారం నాయనా? మన కూడలి నుంచి దువ్వాడ స్టేషను ఎటు?” వాడు ఆలస్యముగానైనను సరిగానే చెప్పెను. వాడు తడబడినచో, చర్మము కాలుచుండినచో అది వడదెబ్బ. అప్పుడు ప్రతి నిమిషమును ప్రాణముతో సమానము. ఆ వంకలో ఫోను పలుకదు. ఆ ప్రశ్నలకు జవాబు వచ్చువరకు ఆయన చేతివ్రేళ్లు వణకుచుండుటను ఒక్క బాలికయే గమనించెను.

అరగంటకు వాడు తేరుకొనెను. అంతట మిగిలినవారిలో గుసగుస మొదలైనది. రాతి అరుగు ఇంకొక్క కిలోమీటరే. దానికొరకే ఇంతదూరము వచ్చితిమి. వీనికి తోడుగా ఇద్దరుండి మిగిలినవారు పోయిరారాదా? ఒక బాలుడు ధైర్యముచేసి పైకే అడిగెను.

ఆయన పటమును తెరచి రాతిపై పరచెను. “పోవడం ఒక కిలోమీటరు దిగుడు. రావడం ఒక కిలోమీటరు ఎక్కుడు. ఇప్పుడు టైము ఒంటిగంటన్నర. మనలో ఒకడు నడవలేడు. మనుషులను రెండు ముక్కలు చేస్తే ఏ ముక్క దగ్గర ఉండమంటావు నన్ను?” అని అడిగెను. అడిగినవాడు తల వంచుకొనెను. అందరి నీటిని ఒకచోట చేర్చి కొలిచిరి. బాబాయిగారి సంచిలోని రెండు లీటర్ల గుట్టు అప్పుడు బయటపడినది. ఆ రాత్రి బండపై పడకకు స్వస్తి. ఎండ తగ్గువరకు కదలక కూర్చుండి, సాయంకాలము ఎక్కి, రాత్రికి కోట చేరుటకు నిశ్చయించిరి. ఆ మూడుగంటలు ఊరక కూర్చుండుట నడచుటకంటె వారికి కష్టమైనది. కుర్రవాండ్రకు ఊరక కూర్చుండుట ఎప్పుడును కష్టమే.

నాలుగున్నరకు కదలిరి. బాలుని సంచిలోని వస్తువులు ఏడుగురు పంచుకొనిరి. పది నిమిషములు ఎక్కుట, ఐదు నిమిషములు నిలుచుట. ఆరుగంటలకు అంచు చేరునప్పటికి మేకల మంద నొకదానిని తోలుకొనిపోవుచు ఒక కాపరి ఎదురయ్యెను.

“యాడికి పోయినారు అన్నా, ఈ పిల్లోళ్లను ఎంటబెట్టుకోని?” అని అడిగెను.

“వంకలోకి దిగాం అన్నా.”

కాపరి బాలుని ముఖము చూచి విషయము గ్రహించెను. “ఎండపొద్దులో మేం గూడా దిగం నాయనా. మేకలు గూడా దిగవు” అని, తన భుజముననున్న సీసాలోని మజ్జిగను వానికి అందించెను. చీకటిలో దారికి దీపములు వారివద్ద నున్నను, కోటవరకు మేకల గంటల చప్పుడు వెంబడి నడచుటయే వారికి సులభమైనది.

ఆ రాత్రి గుడి అరుగుపై అందరును కూర్చుండియుండగా ఆ బాలుడు లేచి, తాను చేసినపనిని అందరియెదుట మరల చెప్పి తలవంచుకొనెను. ఎవ్వరును నవ్వలేదు. బాబాయిగారు గొంతు సవరించుకొని, “వాడు నీళ్లు పారబోశాడు. నేను పొద్దున్న సంచులు ఎత్తి చూడలేదు. నిండు సీసాను రెండుసార్లు చూసి కూడా బాగున్నాడనుకున్నాను. కొలిమి దగ్గర అయితే నన్ను ఆ రోజే పని మాన్పించి ఇంటికి పంపేవారు” అనెను. పిల్లలు ఆయన ముఖమువంక చూచిరి. పెద్దవారు తమ తప్పును ఇట్లు చెప్పుట వారు తరచుగా విన్న విషయము కాదు.

మూడవదినము వారు ఎచ్చటికిని దిగలేదు. కోట అంచున కూర్చుండి సూర్యోదయమును చూచిరి. క్రింద పెన్ననీరు మొదట నల్లగా, పిమ్మట ఎర్రగా, తుదకు ఆకుపచ్చగా మారినది. పటము పట్టిన బాలిక రాతిఅరుగు ఉన్నచోటును వ్రేలితో చూపి, “అదిగో, అక్కడ” అనెను. అందరును చూచిరి. తరువాత సామానులు సర్దుకొని జమ్మలమడుగు దారి పట్టిరి.

డిసెంబరు మాసములో మరల ఒక జట్టు బయలుదేరినది. దువ్వాడ స్టేషనులో రైలు వచ్చుటకు ఇంకను సమయముండెను. ఫుట్‌బాల్ ఆడు ఆ బాలుడు ఈసారి కూడ వచ్చెను. ప్లాట్‌ఫారముపై వరుసగా పెట్టిన సంచులను ఒక్కొక్కదానిని చేతితో పైకెత్తి బరువు చూచుచు పోవుచుండెను. ఒక సంచి దగ్గర నిలిచి, దాని యజమానియైన కుర్రవాని వంక చూచి, “తమ్ముడూ, దీన్ని ఒకసారి విప్పు” అనెను. బాబాయిగారు బల్లపై కూర్చుండి టీ త్రాగుచుండెను.